పసుపు పెట్టిన చొక్కా

కొత్త బట్టల పార్సిల్ విప్పగానే వచ్చే వాసన ఒకటుంటుంది. గంజి, రంగు, ప్లాస్టిక్ కవరు కలిసిన వాసన. నిన్న మా ఆఫీసుకి ఒక కంపెనీవాళ్లు షూటింగ్ బాగా వచ్చిందని అందరికీ తలా ఒక చొక్కా పంపించారు. మావాళ్లు టేపు కోసి చొక్కాలు బయటికి తీస్తూంటే గదంతా ఆ వాసనే. నా చెయ్యి నాకు తెలియకుండానే బల్ల సొరుగులోకి వెళ్లింది. అక్కడ మూత బిగించిన చిన్న స్టీలు డబ్బాలో పసుపు ఉంటుంది. "మేడమ్ మొదలెట్టేశారు!" అని అందరూ నవ్వారు. నవ్వితే నవ్వనీ. ఆ డబ్బా అక్కడికి ఎలా వచ్చిందో వాళ్లకి తెలియదు. వాళ్లలో ఒక్కరూ సుభద్ర గారిని చూసినవాళ్లు కాదు.

రాజమండ్రిలో మెయిన్ రోడ్డు వెనక సందులో, ఒక మేడమెట్ల కింద ఆవిడ వీడియో స్టూడియో ఉండేది. ముందు అద్దంలో టీవీ ఒకటి వీధివైపు తిప్పి ఉండేది. అందులో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఎవరిదో ఒకరి పెళ్లి నడుస్తూనే ఉండేది. పెళ్లికూతురికి మంగళస్నానం చేయించేటప్పుడు గదిలో మగ కెమెరామన్ ఉంటే ఆడవాళ్లందరికీ ఇబ్బంది. ఆ ఇబ్బందిలోంచే ఆవిడ వృత్తి పుట్టింది. మొదట ఆ స్నానాల వరకే పిలిచినవాళ్లు, ఆవిడ తీసింది చూసుకున్నాక పెళ్లి మొత్తం ఆవిడకే అప్పగించడం మొదలుపెట్టారు. నేతచీర కొంగు నడుముకి దోపి, కాళ్లకి కాన్వాసు బూట్లు వేసుకుని, భుజాన కెమెరాతో ఆవిడ మండపంలోకి వస్తే పెళ్లికొడుకు కన్నా ఆవిడనే ఎక్కువమంది చూసేవారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆవిడ నోరు అంత మంచిదేం కాదు, అయినా ఊరు మాత్రం ఆవిడతో మంచిగానే ఉండేది.

నేను డిగ్రీ అయ్యాక, వేరే ఏ పనీ దొరక్క, ఆవిడ దగ్గర చేరాను. చేరిన కొత్తలో ఒక పెళ్లికి రెండో కెమెరా నా చేతికిచ్చారు. సరిగ్గా తాళి కట్టే సమయానికి పెళ్లికూతురి మేనమామ లేచి నా కెమెరాకి అడ్డంగా నిలబడ్డాడు. "బాబాయ్ గారూ, కొంచెం పక్కకి జరగండి. అన్నయ్య గారూ, ఆ ముడి ఇంకొక్కసారి వేస్తారా?" అన్నాను. నా మోచేతి మీద ఎవరో గట్టిగా గిల్లారు. చూస్తే సుభద్ర గారు. అప్పుడేం మాట్లాడలేదు. భోజనాల దగ్గర, విస్తట్లో గుత్తివంకాయ పడ్డాక మొదలుపెట్టారు.

"వాళ్ల పెళ్లికి మనం వచ్చామా, మన వీడియో కోసం వాళ్లు పెళ్లి చేసుకుంటున్నారా?"

"మేనమామ గారు అడ్డొచ్చేశారండీ."

"ఆయన మేనకోడలి పెళ్లికి ఆయన అడ్డేంటమ్మా? అక్కడ అడ్డం నువ్వు. ఎవర్నీ జరగమనకు. ఎవర్నీ మళ్లీ చెయ్యమనకు. నువ్వు చోటు మార్చుకో."

ఆవిడ పని పద్ధతంతా ఆ రెండు ముక్కల్లో ఉంది. కెమెరా బయటికి తీసేముందు ఆవిడ పెళ్లింటి వంటగదిలో కూర్చుని కాఫీ తాగేవారు. అమ్మమ్మలతో, పిన్నులతో కబుర్లు వేసుకునేవారు. "ఎవరు ఎప్పుడు ఏడుస్తారో ముందే తెలిసిపోతే సగం వీడియో అయిపోయినట్టే" అనేవారు. నిజంగానే, అప్పగింతల వేళ అందరి కెమెరాలూ తల్లి మీద ఉంటే ఆవిడ కెమెరా ఏ స్తంభం చాటునో నిలబడ్డ తమ్ముడి మీద ఉండేది. ఆ పిల్లాడు అప్పుడే ముఖం చేతుల్లో దాచుకునేవాడు. ఆ విద్య నాకు ఇప్పటికీ పూర్తిగా పట్టుబడలేదు.

తర్వాత ప్రతి చేతిలోకీ ఫోనొచ్చింది. ప్రతి ఫోనూ కెమెరానే అయింది. పెళ్లిళ్లు పలచబడ్డాయి. సరిగ్గా ఆ రోజుల్లో, ఫోన్లూ ఇయర్‌ఫోన్లూ చేసే ఒక కంపెనీ బట్టల వ్యాపారంలోకి దిగుతూ మమ్మల్ని ప్రచార చిత్రం చేసిపెట్టమని అడిగింది. మేము వీడియో తీసిన ఒక పెళ్లికొడుకు అక్కడ ఉద్యోగి, అతనే మా పేరు చెప్పాడట. "చూశావా, మన అన్నం లాక్కున్న ఫోనే ఇప్పుడు పెరుగన్నం పెడతానంటోంది" అని సుభద్ర గారు నవ్వారు. నవ్వు ఆగాక మామూలుగా అన్నారు: "ఇది బాగా వస్తే ఇలాంటివి నాలుగొస్తాయి. రాకపోతే షట్టరు దించేద్దాం. ఇది నువ్వు తియ్యి. నేను కెమెరా పట్టుకుంటాను. నువ్వు చెప్పు, నేను వింటాను."

"మీకు నేను చెప్పడమేంటండీ!"

"చెప్పనంటే ఉద్యోగంలోంచి తీసేస్తాను."

అమ్మాల్సింది తెల్ల చొక్కా. బాగా పలచటి నూలు. లోపలివైపు జేబులో ఫోను పెట్టుకుని పరిగెత్తినా కదలదు, అదీ దాని గొప్ప. వాళ్లు పంపిన నమూనా గుడ్డ పట్టుకు చూడగానే నాకు పూతరేకు గుర్తొచ్చింది. ఆత్రేయపురంలో మంగమ్మ గారని, పూతరేకులు చేసే ఆవిడ. ఆవిడ కొడుకు వీరబాబు ఆ పెట్టెలన్నీ మోటారుసైకిల్ మీద ఊరూరా వేసి వస్తాడు. అమ్మ కాలుతున్న కుండ మీంచి రేకు తీసి వెలుగుకి ఎత్తిపడుతుంది, ఆ రేకు వెనకనుంచి తెల్ల చొక్కాలో కొడుకు కనిపిస్తాడు. నా కథ అంతే. కంపెనీవాళ్లకి నచ్చింది.

షూటింగ్ రోజు కంపెనీ తరఫున కార్తీక్ అని ఒక కుర్ర ఆఫీసరు బెంగళూరు నుంచి వచ్చాడు. వీరబాబు కొలతకి సరిపోయే చొక్కా ఒక్కటే తెచ్చాడు. ఫ్యాక్టరీలో ఇంకా కుట్టడం మొదలవలేదు. ఈ చొక్కానే వెనక్కి తీసుకెళ్లి ఫొటోలు తీయించాలి. కవరు విప్పేముందు అతను రెండుసార్లు చేతులు తుడుచుకున్నాడు. నేను "రెడీ" అన్నాను. సుభద్ర గారు కెమెరా ఆన్ చేశారు. కార్తీక్ చొక్కా వీరబాబుకి అందించబోతూంటే మధ్యలో మంగమ్మ గారు అందుకుని గబగబా వంటింట్లోకి వెళ్లిపోయారు.

"అమ్మా, ఎక్కడికండీ? అది వేసుకోవాలండీ!" అని కార్తీక్ వెనక పరిగెత్తాడు.

"ఆయ్, అందుకేనండీ" అన్నారావిడ లోపల్నుంచి. "కొత్త బట్ట కదండీ, పసుపెట్టకుండా ఎలా ఏసుకుంటాడండీ?"

నేనూ కార్తీకూ గుమ్మం చేరేసరికే అయిపోయింది. తడివేలు పసుపులో అద్ది, చొక్కా ముందువైపు కింది అంచు మీద అద్దేశారు. చిన్న చుక్కేం కాదు, పావలా కాసంత. తర్వాత ఆ చొక్కాని కళ్లకద్దుకుని కొడుకు చేతిలో పెట్టారు. "చాల్లేమ్మా, అందరూ చూస్తన్నారు" అన్నాడు వీరబాబు, అంటూనే తల వంచాడు. "చూస్తే చూడనీరా" అని ఆవిడ ఆ తల నిమిరారు.

కార్తీక్‌కి ఎక్కడో సబ్బు కనిపించింది, తెచ్చి ఆ మరక మీద రుద్దాడు. పసుపుకి సబ్బు తగిలితే ఏమవుతుందో తెలిసిందేగా, మరక ఎర్రబడింది. మంగమ్మ గారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. "నేను పసుపెడితే ఈయన కుంకం కూడా పెట్టేరు!"

"ఇది ప్రోడక్ట్ అండీ" అన్నాడతను నాతో, దాదాపు ఏడుపుగొంతుతో. "మరకతో ఎలా చూపిస్తాం?" నా మొదటి సినిమా, మా స్టూడియో, రెండూ ఆ మరకతోనే పోయాయనుకున్నాను. సుభద్ర గారి కోసం చుట్టూ చూశాను. ఆవిడ ఎప్పుడు కదిలారో తెలియదు, వంటింటి పెరటి గుమ్మంలో గొంతుక్కూర్చుని, మోకాలి మీద కెమెరా ఆనించి ఉన్నారు. దాని ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.

"తీశారా?" అన్నాను.

"నువ్వు కట్ అనలేదుగా" అన్నారు.

చొక్కా నీళ్లలో జాడించి కొబ్బరాకుల మోపు మీద ఆరేశాం. ఎరుపు పోయింది, లేత పసుపు మిగిలింది. మిగతావన్నీ అనుకున్నట్టే తీశాం, రేకూ వెలుగూ అన్నీ బాగానే వచ్చాయి. కానీ స్టూడియోలో కూర్చుని ముక్కలన్నీ వరసగా చూస్తుంటే, ఆ వంటింటి ముక్క ముందు నేను కష్టపడి ఆలోచించినవన్నీ వెలవెలబోయాయి. అందులో వాళ్లిద్దరూ మా కోసం చేసింది ఏదీ లేదు. దాన్నే నడిబొడ్డున పెట్టి సినిమా కూర్చాను. కూర్చాక భయం పట్టుకుంది.

"రెండు చేసి పంపుదామండీ. పసుపు ఉన్నదొకటి, లేనిదొకటి."

"రెండు పెడితే ఎవరైనా భయం లేనిదాన్నే తీసుకుంటారు" అన్నారు సుభద్ర గారు. "నీ సినిమా ఏది?"

"పసుపు ఉన్నదండీ."

"మరింకేం, పంపు."

పంపిన మర్నాడు కార్తీక్ పైఅధికారి ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టాను. సుభద్ర గారు ఎదురుగా కూర్చుని లెన్సు తుడుస్తున్నారు. పైఅధికారికి సినిమా నచ్చిందట, ఆ తల్లి మరీ నచ్చిందట. కాకపోతే మరక పెద్దదిగా ఉంది. "ఎండలో వేస్తే మొత్తం పోయింది, చొక్కా ఇప్పుడు కొత్తదానిలాగే ఉంది. వెనక్కి పంపిస్తాం. కనబడీ కనబడనట్టు చిన్న చుక్క పెట్టించి ఇంకొక్కసారి తీసిపెట్టండి" అంది.

సరేనంటే ఒక పూట పని. సుభద్ర గారి వైపు చూశాను. ఆవిడ నా వైపు చూడలేదు, లెన్సే చూస్తున్నారు. చెప్పాల్సింది నేనే అని అర్థమైంది.

"ఆ చొక్కాకి పసుపు పెట్టడం అయిపోయిందండీ" అన్నాను. "మరక పోయినంత మాత్రాన మళ్లీ కొత్తదైపోదు. ఇప్పుడు పెట్టమంటే మంగమ్మ గారు కాదనరు, పెడతారు. కానీ మన కోసం పెడతారు. మీరు చూసింది కొడుకు కోసం పెట్టినది. దాన్ని మళ్లీ చెయ్యమని నేను అడగలేనండీ."

లెన్సు తుడిచే గుడ్డ ఆగింది.

"సరే, ఉన్నది ఉన్నట్టే వేద్దాం" అంది పైఅధికారి. "మరకేంటని ఎవరైనా అడిగితే సమాధానం మీదే."

"చెబుతానండీ" అన్నాను.

ఎవరూ అడగలేదు. ఆ మరకేమిటో చూసినవాళ్లందరికీ తెలుసు. తెలియనివాళ్లు పక్కవాళ్లని అడిగి తెలుసుకున్నారు. ఆ తర్వాత ఇంకా పనులొచ్చాయి, షట్టరు దించే మాట మళ్లీ రాలేదు. సుభద్ర గారు నన్ను మెచ్చుకున్నారా అంటే, నోటితో లేదు. సినిమా బయటికొచ్చిన మర్నాడు నేను వెళ్లేసరికి వీధివైపు తిప్పిన టీవీలో పెళ్లి లేదు. మా చొక్కా సినిమా తిరుగుతోంది. అయిపోగానే మళ్లీ మొదలవుతోంది. పక్క టీ కొట్టాయన అద్దం ముందు నిలబడి అడుగుతున్నాడు.

"భలే ఉందండీ. ఎవరు తీశారండీ?"

"మా అమ్మాయి" అన్నారు సుభద్ర గారు.

"కెమెరా?"

"ఎవరో పట్టుకున్నార్లెండి."

నేను లోపలికి వెళ్లకుండా మెట్ల పక్కనే కాసేపు నిలబడిపోయాను. ఆ తర్వాత నన్ను చాలామంది మెచ్చుకున్నారు. ఆవిడ నోట ఆ మాట విన్నప్పుడు పొంగినంతగా నా మనసు మళ్లీ ఎప్పుడూ పొంగలేదు.

కొన్నాళ్లకి నేను సొంతంగా ఆఫీసు తెరిచి, సొంత కెమెరా కొనుక్కున్నప్పుడు ఆవిడే ముందుగా వచ్చారు. సంచిలోంచి చిన్న స్టీలు డబ్బా తీసి, కెమెరా పట్టీకి రెండువైపులా పసుపు అద్దారు. "ఇంక ఇది నీది" అన్నారు. వెళ్లేటప్పుడు డబ్బా మర్చిపోయారని వెనకే పరిగెత్తితే, "అక్కడే ఉండనీ. నీకు కొత్తవి వస్తూనే ఉంటాయి" అన్నారు. పోయిన వేసవిలో ఆవిడ కన్నుమూశారు. ఆవిడ చేతికింద పని నేర్చుకున్నానని చెప్పుకునే అవకాశం నేను ఎక్కడా వదులుకోను.

నిన్న చొక్కాలన్నిటికీ పసుపు పెట్టాక, చేతికంటింది తుడుచుకుంటూ కెమెరా పట్టీ తిప్పి చూశాను. పైవైపు పసుపు ఎండలకి ఎప్పుడో పోయింది. లోపలివైపు, నా భుజానికి ఆనే చోట, ఇంకా ఉంది. ఈ వారం ఒక పెద్దాయన ఇంట్లో షూటింగ్ ఉంది. ఆయన కెమెరాకి అడ్డొస్తే నేనే పక్కకి జరుగుతాను.