ఆగడానికి సాకు

పోయిన వేసవిలో చీపురుపల్లి దాటాక మా బస్సు టైరు పంక్చరైంది. ఎండలోకి దిగి అందరం విసుక్కుంటుంటే, ఒకావిడ మాత్రం ఖాళీ చేపల గంప పక్కన పెట్టుకుని, తుమ్మచెట్టు నీడలో కాళ్లు చాపుకుని కూర్చుంది.

"గాలి లేని టైర్లొచ్చాయట. అవి వేస్తే ఈ బాధ ఉండదు," అన్నాను, ఆ నీడలోనే కూలబడి.

"ఊళ్లో నేను తోసే సేపల బండికి అయ్యే టైర్లు బాబూ. మా అల్లుడు ఏయించాడు."

"బాగున్నాయా అమ్మా?"

"పంచరన్న మాటే లేదు. ఎండలో ఆగిపోయి సేపలు పాడవడం లేదు. కానీ బరువు. తొయ్యలేక భుజాలు లాగేస్తన్నాయి. గతుకొస్తే మోసేతుల దాకా అదురుతాది."

డ్రైవరు విప్పుతున్న చక్రం వైపు కాసేపు చూసింది.

"ముందైతే పంచరేసినంతసేపూ ఆ కొట్టుకాడ కూకునేదాన్ని. ఎవులూ ఏటీ అనీవోరు కాదు. ఇప్పుడు ఏటని సెప్పి ఆగను?"

నేను నిమిషానికోసారి చూసుకుంటున్న వాచీని మళ్లీ చూడలేదు.

స్టెప్నీ ఎక్కించి డ్రైవరు నట్లు బిగిస్తున్నాడు. జనం బస్సు వైపు కదిలారు. ఆవిడ చాపిన కాళ్లు తీయకుండానే కేకేసింది.

"నెమ్మదిగా బిగించు నాయినా. తొందరేటీ లేదు."