రెండు మెడలకు ఒక్క బిళ్ల

కాజాలమ్మ అసలు పేరు అద్దె కాగితాల్లో తప్ప ఇంకెక్కడా లేదు. నలభై ఏళ్లపాటు మూడు దర్జీ దుకాణాలకు చొక్కాల కాజాలు చేత్తో కుట్టిపెట్టింది కాబట్టి వీధి వీధంతటికీ కాజాలమ్మే. గుండీ దూరే కంత మీద ఒక జీవితం గడిచిందంటే నవ్వొస్తుందేమో గానీ, చొక్కా చిరిగినా ఆవిడ కాజా చిరగదని దర్జీలే ఒప్పుకునేవారు. వాళ్లు ఊరికే ఒకరిని మెచ్చుకునే రకం కాదు.

భర్త పోయాక అన్నగారింటికి వచ్చి చేరింది. తర్వాత అన్నా పోయాడు. రెండు గదుల ఇంట్లో ఇప్పుడు మిగిలింది అరవై ఎనిమిదేళ్ల ఆవిడా, డెబ్బై నాలుగేళ్ల వదినా. వదిన గ్రంథాలయంలో పనిచేసి రిటైరైంది. వచ్చేది చిన్న పెన్షను. ఇద్దరికీ క్షణం పడదు. ఒకరు కాసేపు కనబడకపోతే రెండోవారికి తోచదు.

కిందటేడు వదిన స్నానాలగదిలో జారి పడింది. బడి బస్సు నడిపే కూతురు హడలిపోయి, పడితే పసిగట్టే బిళ్ల ఒకటి కొని తల్లి మెడలో వేసింది. మనిషి దబ్బున పడిందంటే అది ఎక్కడో కూర్చున్న ఒకమ్మాయికి కబురు పెడుతుంది. ఆ అమ్మాయి బిళ్లలోంచే పలకరించి, అవసరమైతే అంబులెన్సు పంపిస్తుంది. అంతవరకూ బాగానే ఉంది. ధర చూస్తేనే కళ్లు తిరుగుతాయి. కొనడానికి మూడు నెలల ఇంటద్దె, ఆపైన నెలనెలా చందా, అదీ మనిషికొకటి! ముసలివాళ్లు పడటం మీద కూడా వ్యాపారం ఉందని కనిపెట్టినవాడికి దండం పెట్టాలో దుడ్డుకర్ర చూపించాలో తెలియదు.

"నీకు వచ్చే ఏడాది కొంటాను అత్తా," అంది కూతురు మొహం చిన్నబుచ్చుకుని.

"నాకెందుకే తల్లీ! నా కాళ్లు ఇనప స్తంభాలు," అంది కాజాలమ్మ. ఆ స్తంభాల్లో ఎడమది మెట్టెక్కితే కటకటమంటుందని ఇంట్లో అందరికీ తెలుసు.

కూతురు గుమ్మం దాటగానే వదిన తీర్పు చెప్పేసింది. "నేనొక్కదాన్నే వేసుకుని ఊరేగుతానేమిటే? స్నానానికి వెళ్లేది ఎవరైతే వాళ్లది, మెట్లెక్కేది ఎవరైతే వాళ్లది."

అప్పట్నుంచి బిళ్ల రోజుకు ఏడెనిమిదిసార్లు మెడలు మారేది. ఒకసారి అది కాజాలమ్మ మెడలో ఉండగా ఆవిడ నేలమీద చతికిలబడింది. వెంటనే, "అమ్మా, పడ్డారా?" అని గొంతు వినిపించింది. బిళ్ల ఉన్నది వదిన పేరు మీద. కాజాలమ్మ గొంతు బొంగురు చేసి, "లేదమ్మా, కూర్చున్నానంతే," అంది. వదిన నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నా గొంతు అలా ఉంటుందటే?"

"ఇంకా తగ్గించి చేశాను, సంతోషించు!"

నవ్వినా కాజాలమ్మకు లోపల బెరుకే. ఒక చందా మీద ఇద్దరు వాడుతున్నారని తెలిస్తే వాళ్లు బిళ్ల లాగేసుకుంటారని భయం.

ఒకనాడు పొద్దున్న కాజాలమ్మ బట్టలారేయడానికి మేడమీదికి బయల్దేరింది. వదిన బిళ్ల తీసి ఆవిడ మెడలో వేసింది. తిరిగొచ్చేసరికి వంటింట్లో స్టూలు పక్కన వదిన పడి ఉంది. పై అరలో డబ్బా అందుకోబోయినట్టుంది. కాలు వంకరగా మడతపడింది, మొహం తెల్లగా పాలిపోయింది, పిలిస్తే మూలుగే గానీ మాట లేదు.

కాజాలమ్మ వదిన మీదికి వంగి మళ్లీ మళ్లీ పిలిచింది. ఫోను బల్లమీదే ఉంది, గుర్తు రాలేదు. కేకేస్తే పక్కింటివాళ్లు వస్తారు, అదీ తట్టలేదు. బిళ్ల ఒక్కటే గుర్తొచ్చింది. గబగబా తీసి వదిన మెడలో వేసి చూసింది. ఉలుకూ పలుకూ లేదు. ముందే పడి ఉన్న మనిషి మెడలో వేస్తే దానికేం తెలుస్తుంది, పాపం! పోనీ నేలకేసి కొడదామా అంటే మూడు నెలల అద్దె, పగిలిందంటే అంతే సంగతులు. ఇక ఆలోచించలేదు. బిళ్ల మళ్లీ తన మెడలో వేసుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, నిలుచున్న మనిషి నిలుచున్నట్టే దబ్బున పడింది.

"అమ్మా, పడ్డారా?"

"పడ్డానమ్మా! నేను కాదు, మా వదిన పడింది. నువ్వు పలుకుతావని నేనూ పడ్డాను."

"మీరెవరండీ?"

"ఆవిడ ఆడపడుచుని. తప్పే తల్లీ, ఇద్దరం ఒక్కటే వాడుకుంటున్నాం. కానీ చందా కట్టిన మనిషే పడింది! నీకు పుణ్యముంటుంది, బండి పంపించు!"

"అవన్నీ తర్వాతమ్మా. బండి బయల్దేరింది. ఆవిణ్ణి కదపకండి. మీరు నాతో మాట్లాడుతూనే ఉండండి."

బండి వచ్చేదాకా ఆ పిల్ల గొంతు ఆగలేదు. ఆ పిల్ల ఎవరో, ఎలా ఉంటుందో తెలియదు. "నూరేళ్లు చల్లగా ఉండు తల్లీ," అని కాజాలమ్మ ఆవేళ ఎన్నిసార్లు దీవించిందో లెక్కలేదు.

వదినకు తుంటి ఎముక విరిగింది. ఆలస్యం కాకుండా తెచ్చారు కాబట్టి గండం గడిచిందన్నాడు డాక్టరు. అప్పుడు గానీ కాజాలమ్మ తన కుడి మణికట్టు వాచిందని చూసుకోలేదు. దానికీ కట్టు వేశారు.

"అత్తా, బిళ్ల మధ్యలో ఎర్ర మీట ఉంది కదా! నొక్కితే చాలు కదా!" అని కూతురు తల పట్టుకుంది.

"ఉందా?" అంది కాజాలమ్మ.

వదిన నవ్వబోయి, నొప్పికి "అమ్మో" అని, కళ్లనీళ్లు పెట్టుకుంది.

నాలుగో రోజున ఆస్పత్రి గదిలో కూతురి ఫోను మోగింది. బిళ్లలో పలికే ఆ అమ్మాయే. కూతురు స్పీకరు పెట్టింది. బిళ్ల లాగేసుకుంటారు కాబోలనుకుంది కాజాలమ్మ. ఆ పిల్ల ముందు ఇద్దరి క్షేమం అడిగింది. తర్వాత మెల్లగా, "రెండోవారికి కూడా ఒకటి తీసుకుంటారేమోనని..." అని నసిగింది.

"తీసుకుంటాం," అంది వదిన మంచం మీంచే. "చందా నా పెన్షన్లోంచి."

"వద్దు వదినా! అంత డబ్బు పోసి నాకెందుకు? నేనెప్పుడైనా పడ్డానా?"

వదిన ఆ కట్టు వేసిన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"పడ్డావు. నాకోసం పడ్డావు," అంది. తర్వాత ఫోను వైపు తిరిగి, "దీని పేరు రాసుకోమ్మా," అంది.