నా గోడకు బెజ్జం పడనీయలేదు

మా ఇల్లు రైలుపెట్టె మాదిరి పొడుగు. ముందు గదిలో కోడలు ఫోను ఎదురుగా కూర్చుని ధర్మవరం చీరలు చూపించి అమ్ముతుంది. వెనక గదిలో మనవరాలు కంప్యూటరు పెట్టుకుని బెంగుళూరు ఆఫీసు పని చేస్తుంది. నడిమి గది నాది. వైఫై పెట్టె నా మంచం పైన గోడకే ఉంది. నాకు రెండు పక్కలా మూరెడు మందం రాతిగోడలు. ఆ రాళ్లు గుట్ట నుంచి నేను నెత్తిన మోసినవి.

ఈమధ్య కోడలు చీరలు చూపించే గంటకే మనవరాలికి మీటింగులు పడినాయి. ఇక ఇద్దరి మాటలూ నడుమలో తెగడమే. "సోమవారం కూడా తెగితే ఇక్కడికే వచ్చి కూర్చో, లేదంటే పని మానుకో" అని ఆఫీసు పెద్ద ఆ పిల్లకు చెప్పేసినాడు. బెంగుళూరు పోతే జీతమంతా హాస్టలుకే సరి. దానికా నేను చదివించింది?

వైఫై వేసిన ఆయప్పను పిలిపించినాను.

"అవ్వా, గోడలు అడ్డమై ఫోనూ కంప్యూటరూ ఒకదాని మాట ఒకటి వినలేవు. ఎవరూ మాట్లాడటం లేదనుకుని రెండూ ఒకేసారి పెట్టెకు చెప్తాయి. మాటలు గుద్దుకుంటాయి. పెట్టెకు ఏదీ అర్థం కాదు. మళ్లీ చెప్తాయి, మళ్లీ గుద్దుకుంటాయి."

"ఏం చేస్తావు మరి?"

"గోడలకు బెజ్జాలు కొట్టి వైరు లాగి, ఇంకో రెండు పెట్టెలు పెడతా." అంటూనే సుద్దముక్కతో గోడ మీద గుండ్రంగా గీసేసినాడు.

"ఏమప్పా, నా గోడ వడ అనుకున్నావా, నడుమ బొక్క పెట్టనీకి?"

"పోనీ అత్తా, ఆ గంట నేనే చీరలు మానుకుంటా" అంది కోడలు.

"ఈ ఇంట్లో ఎవరూ మానేది లేదు."

అప్పుడు మనవరాలు నవ్వింది. ఆ తల్లీకూతుళ్లు చెరో గదిలోనుంచి ఒకేసారి కేకలేస్తే నాకు తిక్క రేగుతుంది. అందుకే ఎప్పుడో ఒక కట్టడి పెట్టినాను. ముందు నన్ను ఊరికే పిలవాల. "నువ్వు చెప్పు" అని పేరు పెట్టి రెండు గదులకూ వినపడేట్టు నేను అరుస్తా. ఆ మనిషి చెప్పేదాకా రెండో మనిషి నోరు మూసుకోవాల.

"అన్నా, మా అవ్వ పెట్టిన కట్టడి దీనికీ పెట్టలేమా?" అని ఆయప్పను అడిగింది.

"పెట్టొచ్చు. కంప్యూటరు ముందు అడుగుతాది. పెట్టె సరే అంటాది. ఆ మాట వినపడి ఫోను ఆగుతాది. కానీ అడిగేదానికే కొంత పొద్దు పోతాది పాపా. వేగం తగ్గుతాది."

"తగ్గనీ" అన్నాను. "తెగకుంటే చాలు. పెట్టు."

గొణుగుతానే కంప్యూటరులో ఏదో మార్చినాడు. "సోమవారం తెగితే నన్ను అనొద్దు. డ్రిల్లింగు మిషను తెచ్చుకుని నేనే వస్తా."

సోమవారం కోడలు ఫోను తీయనీకి భయపడింది. "పిల్ల ఉద్యోగం పోతే ఎట్లత్తా?"

"నువ్వు ఆపితే బాగైందో లేదో యాడ తెలుస్తాది? కూర్చో" అని కసిరినాను. కసిరినానే గానీ, పెట్టె దీపాలు చూస్తా నేను మంచం మీద కుదురుగా కూర్చోలేకపోయినాను. ముందు గదిలో "ఈ నెమలికంఠం రంగు చూడండక్కా" అంటోంది. వెనక గదిలో ఇంగ్లీషు సాగుతోంది. ఏదీ ఆగలేదు.

మనవరాలు తలుపు తీసుకుని వచ్చింది. "తెగలేదవ్వా. ఇంట్లోనుంచే చేసుకోమన్నాడు."

నేను గుడ్డ తడిపి సుద్దగీత తుడుస్తాంటే వాకిట్లో బండి ఆగింది. ఆయప్పే, సంచిలో మిషనుతో.

"ఏమైందవ్వా?"

"వచ్చినావు కదా, టీ తాగిపో. మిషను మాత్రం బయటే పెట్టు."