ఎర్రబడ్డ చోట రుద్దొద్దన్న అక్క

నా చిన్నప్పుడు, చంద్రపూర్ బజారులో మా కిరాణా దుకాణం వెనక గదిలో, మా నాయనమ్మ పక్షవాతంతో మంచాన పడింది. నడుము కింద చర్మం ఎర్రబడింది. చుట్టాలు పలకరించడానికి వస్తే మా పెద్దనాన్న నాకు సైగ చేసేవాడు. నేను పౌడరు చల్లి ఆ ఎర్రబడ్డ చోట గట్టిగా రుద్దాలి. పిల్ల ఎంత సేవ చేస్తోందో అని వాళ్లు మెచ్చుకోవాలి. అదీ ఆయన ఆరాటం.

ఒకరోజు అందరి ముందూ పక్కింటి అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె ఆసుపత్రిలో నర్సు.

“రుద్దకు పోరీ, తోలు లేస్తది.”

నాకు తల కొట్టేసినట్టయింది. నీకెట్ల తెలుసని ఎదురడిగాను. ఆమె కసరలేదు. నన్ను బండల మీద వెల్లకిలా పడుకోబెట్టి కదలొద్దంది. కాసేపటికే నడుము సలిపి పక్కకు ఒత్తిగిల్లాను.

“చూసినవా? నువ్వు తిరిగినవ్. నాయనమ్మకు తిరగరాదు. గదే అసలు బాధ. మనమే తిప్పుతుండాలె. మాకు గూడ ట్రైనింగుల రుద్దుమనే నేర్పిండ్రు. తర్వాత నర్సులే ఎందరో పేషెంట్లను పరీక్షగ చూసి, రుద్దితే ఇంక చెడ్తదని తేల్చిండ్రు.”

మా పెద్దనాన్న అందరికీ వినబడేలా నవ్వాడు. “ఏంది బిడ్డా, నర్సులకు గూడ పరిశోధననా? సూదులు ఏసుకుంట ఉంటే సాలదా?”

ఆ నవ్వును నేను ఈనాటికీ క్షమించలేదు.

ఆమె వెళ్లగానే మళ్లీ రుద్దమన్నాడు. నేను చెయ్యనన్నాను. వరోరా ఊరి నుంచి వచ్చిన చుట్టాలు చూస్తుండగా తనే రుద్దాడు. వారం తిరక్కముందే పుండు పడింది.

అక్క రోజూ డ్యూటీకి పోయే ముందు వచ్చి కట్టు కట్టేది. నేను చెప్పలేదా అని ఒక్కసారీ అనలేదు. అనాల్సిందని నా కోపం. ఎటు తిప్పాలో మాత్రం నాయనమ్మనే అడిగేది. నాయనమ్మ ఎప్పుడూ దుకాణం వైపే చూపించేది, గిరాకీల బేరాలు చూడాలని. గోడ వైపు తిప్పక తప్పని పూట అక్క పక్కన కూర్చుని, ఎవరొచ్చారో, ఏం కొన్నారో చెప్పేది. అది ఆమెకు ఏ పరిశోధనా నేర్పలేదు, నాయనమ్మను చూసి నేర్చుకుంది.

పుండు మానింది, చాలా ఆలస్యంగా. పెద్దనాన్న మాత్రం పౌడరు కల్తీదని చివరిదాకా బజారంతా చెప్పుకుని తిరిగాడు.

ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా రోగి మీద చెయ్యి వెయ్యబోతే, ఇది మంచిదని ఎవరు తేల్చారని ఒకసారి, మంచంలో ఉన్న మనిషిని అడిగావా అని ఇంకోసారి అడుగుతాను. నన్ను జగడాలమారి అంటారు. అననీ. జవాబు చెప్పకుండా మాత్రం ముట్టనివ్వను.