చేయని ప్రయోగాల రికార్డు

మన్సూరాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో నేను ఆయాను. నా చదువు నాలుగో తరగతితో ఆగింది గానీ, ల్యాబు గదిలో ఏ అరలో ఏ సీసా ఉందో కళ్లు మూసుకుని చెప్పగలను. వారానికోసారి తాళం తీసి, దుమ్ము తుడిచి, మళ్లీ తాళం వేసేది నేనే. తనిఖీకి వచ్చేవాళ్లు తప్ప ఆ సీసాలను ఎవరూ చూసింది లేదు.

నా మనవరాలు ఆ బడిలోనే పదో తరగతి. ఆ తరగతి పిల్లలు సైన్సు రికార్డు రాయాలి. రాయడమంటే, పోయినేటి పిల్లల రికార్డు ముందు పెట్టుకుని దించడమే. 'ప్రయోగం చేశాను, ఇలా గమనించాను' అని అందరూ రాస్తారు, ఒక్కరూ చేయరు. మా పిల్ల మాత్రం గమనించింది రాయాల్సిన చోటల్లా ఖాళీ వదిలేసింది. చూడనిది చూసినట్టు ఎట్ల రాయాలని నన్నే అడిగింది. అబద్ధమాడొద్దని చిన్నప్పటి నుంచి దానికి నేర్పింది నేనే.

రికార్డు ఇవ్వకపోతే ఇంటర్నల్ మార్కులు వేయనన్నారు సైన్సు మేడం. అంతే, పిల్ల బడి మానేసింది. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంవాళ్లు ఒకటో తారీఖు నుంచి పనికి రమ్మన్నారని చెప్పింది. వాళ్లమ్మ కొట్టింది. మా ఇంట్లో పదో తరగతి దాకా వచ్చింది అదొక్కతే.

మేడం ఎల్‌బీ నగర్ మెట్రోలో దిగి ఆటోలో వస్తారు. గుంటూరు వైపు మనిషి, మంచిదే. మరునాడు గేటు దగ్గరే పట్టుకున్నాను.

"ఒక్క ప్రయోగం చేపియ్యండి మేడం. కండ్లతోని చూస్తే రాస్తది. మీ కాళ్లు మొక్కుత."

"అలా అనకండి ఆయమ్మా. నాకు మాత్రం ఉండదా? శనివారం వస్తే పరీక్ష, సిలబస్ అవ్వకపోతే ప్రిన్సిపాల్ గారు ఊరుకోరు." గొంతు తగ్గించి అన్నారు, "పైగా యాసిడ్లంటే నాకూ భయమే. ఇంతమంది పిల్లల ముందు నేనెప్పుడూ చేయలేదు."

"యాసిడ్ ఎందుకు మేడం? పసుపు మరకకు సబ్బు రుద్దితే ఎర్రగైతది, నిమ్మకాయ పిండితే మళ్ల పచ్చగైతది. బట్టలు ఉతికేటోళ్లకు ఎరుకే. గా ముచ్చట మీ పుస్తకంల లేదా?"

ఉందట. రికార్డులో మొదటి ప్రయోగమే అదట. సరే, చేయిద్దామన్నారు.

పాత చీర చింపి పసుపులో ముంచి ఆరేసి తెచ్చాను. ఒక్క పీరియడ్‌కు రమ్మని పిల్లను బతిమాలాను. యూనిఫాం వేసుకోకుండానే వచ్చి తలుపు దగ్గర నిలబడింది. మేడం ముక్కలు పంచి సబ్బు రుద్దమన్నారు. పచ్చ గుడ్డ ఎర్రబడగానే తరగతంతా గోల. మా పిల్ల మూడుసార్లు చేసి చూసింది, అక్కడే కూర్చుని ఆ పేజీ నింపింది. తలెత్తి అడిగింది:

"రేపేం చేపిస్తరు మేడం?"

ఆ గోలకు ప్రిన్సిపాల్ సారు వచ్చి చూసి పోయారు. పరీక్షలయ్యేదాకా ఇవన్నీ వద్దని సాయంత్రం మేడంకు చెప్పారట.

ఆ తర్వాత రోజూ గేటు దగ్గర నిలబడ్డాను. భోజనం బెల్లులో పావుగంట చాలన్నాను. సామాను నేనే తెస్తానన్నాను. సారును అడిగి చూస్తానని ఒకరోజు, అడగలేకపోయానని ఒకరోజు అన్నారు మేడం. ఇంట్లో పిల్ల రికార్డు ముందు పెట్టుకుని కూర్చునేది, పెన్ను ముట్టేది కాదు.

ఒకటో తారీఖు పొద్దున దుకాణం నుంచి ఫోను వచ్చింది. పిల్ల ఎత్తలేదు, కట్ చేయలేదు కూడా. మోగుతున్న ఫోను చేతిలో పట్టుకుని నా మొహం చూసింది.

"మేడం ఏమన్నది అమ్మమ్మా?"

జర ఆగు బిడ్డా అని చెప్పులేసుకుని బడి వైపు ఉరికాను.