ఫిన్లే ఓటమి విందు

కెనడాలోని మా కేప్ బ్రెటన్ తీరంలో ఫిన్లే మెక్‌ఆస్కిల్ పేరు చెబితే అందరికీ రెండు గుర్తొస్తాయి: అంబులెన్సు, ఓటమి. మంచుదారిలో ఆ పెద్ద బండి నడిపే గుండె ఊళ్లో ఆయనొక్కడికే ఉంది. జీతం కూడా తీసుకోడు. పార్లమెంటు ఎన్నికలు ఎప్పుడొచ్చినా కన్జర్వేటివ్ పార్టీ తరఫున నిలబడేదీ ఆయనే. ఇక్కడ ఆ పార్టీకి మరో మనిషి దొరకడు. పన్నులు తగ్గాలని, మూసేసిన లైట్‌హౌస్ మళ్లీ వెలగాలని ఇంటింటికీ తిరిగి చెబుతాడు. వాకిట్లో పార్టీ నీలం బోర్డు పాతుతానంటే ఎవరూ కాదనరు. ఓటు మాత్రం వేరేవాళ్లకు వేస్తారు.

ఫలితాలొచ్చే సాయంత్రం ఫైర్ స్టేషన్ హాల్లో ఆయనే అందరికీ చేపల సూపు వండిపెడతాడు. ఓడించినవాళ్లే ముందు కూర్చుని తింటారు.

పోయిన ఫిబ్రవరి తుఫానులో మా పాపకు ఊపిరందకపోతే ఆసుపత్రికి చేర్చింది ఫిన్లేనే. నేను బడిలో రసాయనశాస్త్రం చెబుతాను. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే ఏమవుతుందో తెలుసు కాబట్టి నా భయం ఇంకా పెరిగింది. ఆయన దారంతా పాపతోనే మాట్లాడాడు: "ఏడువమ్మా, గట్టిగా ఏడువు. నువ్వు ఏడుస్తున్నంతసేపూ నాకు ధైర్యం."

ఈ అక్టోబరులోనూ సూపు గిన్నెలు పట్టుకుని టీవీ ముందు కూర్చున్నాం. అందులో గెలిచిన వాళ్ల పేర్లు చదువుతూ ఫిన్లే పేరు చదివారు.

"తప్పు చదివాడు," అన్నాడు ఫిన్లే, గరిటె గాల్లోనే ఆపి.

మళ్లీ చదివారు. అదే పేరు.

చప్పట్లు కొట్టాలని ఎవరికీ తోచలేదు.

"ఎవరు వేశార్రా?" పోస్టాఫీసు బెర్నడెట్ గొంతు తగ్గించి అడిగింది.

"నేనే," అన్నాడు పడవలు బాగుచేసే రోరీ. "ఇదే ఆఖరిసారి అన్నాడు, జాలేసింది. నా ఒక్క ఓటుతో గెలిచిపోతాడా అనుకున్నా."

"నేనూ అదే అనుకున్నా," అంది బెర్నడెట్.

"నువ్వా! మీ తాత కాలం నుంచీ లిబరల్ పార్టీ కదే మీ ఇల్లు!"

"నీది మాత్రం? మీ అమ్మ వింటే సమాధిలోంచి లేచొస్తుంది!"

తీరం పొడవునా ప్రతి ఊళ్లోనూ ఇదే జాలి పనిచేసిందట. ఒడిలో ఉన్న పాప ఊపిరి వింటూ నేను కదలలేకపోయాను. మంచు పడడానికి ఇంకెంతో కాలం లేదు. ఆయనేమో పార్లమెంటుకని ఒట్టావాలో ఉంటాడు.

ఫిన్లే కుర్చీలో కూలబడ్డాడు. "నా దగ్గర ఓడిపోయినప్పుడు చదివే ప్రసంగమే ఉంది. అది వదిలెయ్యండి, బండి ఎవరు నడుపుతారు?"

"ఓట్లడిగేటప్పుడు తెలీలేదా ఆ సంగతి?" అంది బెర్నడెట్.

"గెలుస్తానని నాకెవరు చెప్పారు!"

ఆయన ఒక్కొక్కరి మొహమూ చూశాడు. అందరూ గిన్నెల్లోకి చూశారు. నేను చూపు తిప్పుకోలేకపోయాను. ఆయన లేచి, ఏప్రన్ విప్పి, జేబులోంచి తాళాలు తీశాడు.

"అమ్మాయ్, పాపను బెర్నడెట్‌కిచ్చి నాతో రా."

పెరట్లో అంబులెన్సు డ్రైవరు సీట్లో నన్ను కూర్చోబెట్టాడు. ఫిబ్రవరిలో నేను కూర్చున్న చోట తను కూర్చున్నాడు.

"మంచు పడకముందే నేర్చుకోవాలి. బ్రేకు ఒక్కసారిగా తొక్కకూడదు, జారిపోతుంది. మెల్లగా."

తెరిచి ఉన్న హాలు తలుపులోంచి పాప ఏడుపు వినిపించింది. నా చెయ్యి బండి తలుపు పిడి మీదికి వెళ్లింది.

"గట్టిగానే ఏడుస్తోందిగా," అన్నాడు ఫిన్లే. "బండి పోనీ."