ఆ రోజు పేపర్లో ఉన్నది

ఎనిమిదేళ్ళుగా పొద్దున పేపరు విప్పిన ప్రతిసారీ ఒక వార్త నా కళ్ళకు అడ్డం పడుతోంది. అది ఆ రోజు వార్త కాదు. ఎనిమిదేళ్ళ కిందటిది. అందులో ఉన్నది ఒకటి, నేను చదివి వినిపించింది ఇంకొకటి. ఈ సంగతి నా భార్యకు తెలియదు, ఊళ్ళో ఎవరికీ తెలియదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

మాది నాందేడ్ జిల్లా, కుండల్‌వాడి దాటాక సరిహద్దుకు దగ్గరగా ఉన్న చిన్న ఊరు. ఇంట్లో తెలుగు. బడిలో మరాఠీ, కచేరీలో మరాఠీ, పేపరు కూడా మరాఠీ. సంతలో బేరమాడే మరాఠీ అందరికీ వచ్చు గానీ కోర్టు తీర్పులు రాసే మరాఠీ వేరు, అది చదువుకున్నవాడి నోట కూడా తిరగదు. అందుకే మా దగ్గర ఒక అలవాటు ఉంది. మొదటి బస్సుకు పేపరు దిగుతుంది. బస్సు ఆగే చోట ఉన్న చాయ్ హోటల్లో ఒకరు దాన్ని పట్టుకుని, కళ్ళతో మరాఠీ చదువుకుంటూ నోటితో తెలుగులో చెప్పుకుంటూ పోవాలి. ఇరవై ఏళ్ళుగా ఆ పని నాది. నేను ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు, నాకున్నది నాలుగెకరాల సోయా చేను. అయినా ఊరంతా నన్ను సారు అంటుంది. ఈ పేపరు వల్లే అంటుంది. ఆ పిలుపంటే నాకెంత ఇష్టమో చెప్పాలంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఇంకో పెద్దరికం కూడా ఉండేది. పేదవాళ్ళకు ఆపరేషన్లు ఉచితంగా చేయించే సర్కారు పథకానికి అప్పట్లో రేషన్ కార్డు ఒక్కటే సరిపోయేది కాదు. ఈ మనిషి నిజంగానే పేదవాడని స్థానిక నాయకుడి చిట్టీ కావాలని నియమం పెట్టారు. మా తాలూకా నాయకుడి తరఫున చుట్టుపక్కల ఊళ్ళకు ఆ చిట్టీలు రాసిపెట్టేది నేనే. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. ఆ మాట గర్వంగా చెప్పుకునేవాణ్ణి కూడా. కానీ జనం నా వాకిట్లో చెప్పులు విడిచి నిలబడేవారు కదా, అది తీసుకోవడం కాదా? చిట్టీ రాయడం అయిపోయాక కూడా కాసేపు కలం పట్టుకుని ఆలోచిస్తున్నట్టు కూర్చునేవాణ్ణి. కావాలనే.

ఎదుటి పార్టీవాళ్ళు ఆ నియమం మీద హైకోర్టుకు వెళ్ళి గెలిచారు. చిట్టీ అడగడం చెల్లదు, కార్డు చూపించిన రోగిని ఏ దవాఖానా వెనక్కి పంపకూడదు అని తీర్పు వచ్చింది. ఆ సాయంత్రం కుండల్‌వాడిలో వాళ్ళు పటాకులు కాల్చారు, పాలకోవా పేడాలు పంచారు. మా నాయకుడు విలేకరుల ముందు మండిపడ్డాడు. ఈ తీర్పుతో దొంగ పేదలు దూరిపోతారు, పథకం కుప్పకూలుతుంది, పై కోర్టుకు పోతాం అన్నాడు. తర్వాత నాకు ఫోన్ చేశాడు. మీ ఊళ్ళో ఆ పార్టీకి పేరు రానీయకు, అంతే. ఆయన చెప్పింది ఆ ఒక్క మాటే. మిగతాదంతా నా సొంతం.

మర్నాడు పొద్దున హోటల్లో పది పన్నెండు మంది ఉన్నారు. వార్త మొదటి పేజీలోనే ఉంది. నేనింకా చదవడం మొదలుపెట్టలేదు. అప్పుడే గంగవ్వ, పోశెట్టి వచ్చారు. మొగుడూ పెళ్ళాలిద్దరూ కూలికి పోయేవాళ్ళు. పోశెట్టికి షుగరు. పత్తి చేలో కట్టె మోడు గుచ్చుకుని పాదం పుండైంది, నెల రోజులైనా మానలేదు. చీర పేలికతో కట్టిన కాలు ఈడ్చుకుంటూ వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. గంగవ్వ చేతిలో సంచీ, అందులో రొట్టెల మూట, ప్లాస్టిక్ కవరులో రేషన్ కార్డు. వాళ్ళు నాందేడ్ బస్సుకు వచ్చారు. నా చిట్టీ లేకుండా బయల్దేరారు.

నాకు ముందు కనిపించింది అదే. అతని కాలు కాదు.

“సారూ, గా దవాఖానా ముచ్చట పేపర్ల అచ్చిందా?” అంది గంగవ్వ. “చిట్టీ అక్కర లేదంటుండ్రు గదా?”

“నీకెవ్వలు చెప్పిండ్రు?”

“నిన్న సంతల అనుకుంటుండ్రు. పటాకులు గూడ కాల్చిండ్రట.”

“సంతల మాట ఇంటవా, పేపర్ల రాసింది ఇంటవా?” అని పేపరు ఎత్తి పట్టుకున్నాను. అందరూ వినేటట్టు చదివాను. “కోర్టు బంద్ వెట్టింది. ఫుకట్ ఆపరేషన్లు ఇగ లేవు. మన సాబ్ పై కోర్టుకు పోతుండు, ఆడ తేలెదాంక ఎవ్వలు పోయినా వాపస్ పంపుతరు.”

“అయ్యో, గట్లనా! మరి గిప్పుడు మేం పోవాల్నా, వద్దా?”

“పోతె ఉత్తగ తిరుగుడే, గంగవ్వా. బస్సు కిరాయి దండుగ.”

ఆమె పోశెట్టి వైపు చూసింది. అతను అప్పటికే లేస్తున్నాడు. “సారు సదివి చెప్పినంక ఇగేంది? నడువ్, ఇంటికి పోదాం” అన్నాడు. డ్రైవరు చాయ్ తాగుతున్నాడు, బస్సు ఇంకా ఐదు నిమిషాలు ఆగింది. ఆ ఐదు నిమిషాలూ నేను సోయా ధరలు చదివాను.

మర్నాడు సరిచేయొచ్చు కదా? ఆ మర్నాడు? తీర్పు గురించి వారం రోజులు ఏదో ఒకటి వస్తూనే ఉంది. ఎవరు ఏమన్నారు, ఎవరు ఎవర్ని తిట్టారు, అదంతా బాగానే చదివి వినిపించాను, జనం నవ్వారు కూడా. అసలు వాక్యం మాత్రం దాటేశాను. ఒకసారి తప్పు చదివానని ఒప్పుకుంటే రేపటి నుంచి పేపరు ఎవరు వింటారు అనుకున్నాను. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటుందేమోనని ఇన్నేళ్ళూ నాలోనే వెతికాను. భయమో, నాయకుడి మీద భక్తో, ఏదైనా ఒకటి దొరికితే బాగుండేది. దొరకలేదు. ఓ కూలి మనిషి నన్ను అడగకుండా బస్సెక్కబోయింది, నాకు కోపం వచ్చింది. అంతే.

మూడో వారం పోశెట్టికి జ్వరం వచ్చి మాట తడబడింది. ఇరుగుపొరుగు అతన్ని జీపులో వేసుకుని నాందేడ్ తీసుకుపోయారు. మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. ఇరవై రోజుల ముందు తెచ్చి ఉంటే కాలి వేళ్ళు తీసేస్తే సరిపోయేదని డాక్టరు అన్నాడట.

ఈ మాట నాకు గంగవ్వే వచ్చి చెప్పింది. కోపంగా కాదు. దవాఖానా కిటికీ దగ్గర కార్డు తప్ప ఇంకేమీ అడగలేదట. చిట్టీ మాటే ఎత్తలేదట. “మీరే సాబ్‌కు ఫోన్ గొట్టి చెప్పి ఉంటరు సారూ” అంది. నేను కాదనలేదు. పేపరు తప్పు చదివిన రోజు కోపంలో ఉన్నాను, సరే. ఆమె వచ్చిన రోజు ఏ కోపమూ లేదు. మామూలుగా చాయ్ తాగుతూ, ఆమె దండం పెడుతుంటే తల ఊపాను. మర్నాడు పచ్చి కందికాయలు ఒక సంచెడు తెచ్చి మా గడపలో పెట్టి పోయింది. నా భార్య ఉప్పు వేసి ఉడికించింది. నేనూ తిన్నాను. థూ, నా బతుకు.

షుగరు ఉన్న మనిషి కదా, ఎలాగూ కాలు పోయేదేమో అని అనుకుని చూశాను. డాక్టర్లు అందరికీ అదే మాట అంటారేమో అనుకున్నాను. ఒక్కటీ నిలబడలేదు. మొన్నటి ఎన్నికల ముందు మా నాయకుడు ఆ పటాకులు కాల్చిన పార్టీలోకే దూకాడు. చిట్టీల పీడ వదిలించింది మేమే అని వేదిక మీద రొమ్ము చరుచుకుని చెప్పాడు. అది పై కోర్టులో తర్వాతెప్పుడో తేలిందనే మా ఊరు ఇప్పటికీ అనుకుంటోంది. నేను కింద ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. నా పక్కనే పోశెట్టి కూడా కొట్టాడు, చంక కర్ర ఒళ్ళో పెట్టుకుని.

అతను రోజూ అందరికంటే ముందే హోటల్‌కు వస్తాడు. నా పక్కన చోటు అతనిదే. సదువుండ్రి సారూ, అంటాడు. చదువుతున్నంతసేపూ పేపరు వైపు చూడడు, నా మొహం వైపే చూస్తాడు. మొదట్లో అనుమానమేమో అనుకుని గబగబా పేజీ తిప్పేసేవాణ్ణి. అనుమానం కాదు. నమ్మకం. అదే భరించలేకపోతున్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. చిన్నప్పుడు బోధన్‌లో మా అమ్మమ్మ ఇంట్లో ఉండి ఐదో తరగతి దాకా తెలుగు బడికి పోయాను. మా ఊళ్ళో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు, తెలుగు అక్షరం చదవగలిగే మనిషి నేను తప్ప లేడు. ఇది తెలుగులో మొదలుపెట్టి సగం రాశాక గానీ ఎందుకు మొదలుపెట్టానో నాకే తట్టలేదు. ఎవరికి చెప్పాలో వాళ్ళు చదవలేని అక్షరాల్లో రాస్తున్నాను. మళ్ళీ అదే పని. వాళ్ళకూ కాగితానికీ మధ్య నేనే.

క్షమించమని అడగడం లేదు. మీరు క్షమించినా అది చెల్లదు. ఇంత రాశాక ఊపిరి కొంచెం తేలికగా ఆడుతోంది, దానికీ సిగ్గేస్తోంది. ఆ పేపరు ఇంకా నా పెట్టెలో ఉంది, మడత దగ్గర చిరిగింది. ఇప్పుడే తీసి ముందు పెట్టుకున్నాను. గొంతు ఎత్తి చదువుతున్నాను, ఇంట్లో ఎవరు విన్నా సరే.

పోశెట్టీ, గంగవ్వా, ఇనుండ్రి. ఆ దినం పేపర్ల రాసింది గిది. చిట్టీ అక్కర లేదు. కార్డు సాలు. ఏ దవాఖానా మిమ్మల్ని వాపస్ పంపద్దు. బస్సు ఇంకా పోలేదు, ఎక్కుండ్రి.